చిమ్నీ చెరిపేసిన ఫోటో

డిసెంబర్ 3, రాత్రి 1:40

ఈ రోజు నుంచి డైరీ రాయాలని నిర్ణయించాను. గొప్ప కళాకారులు రాస్తారట. నేను గొప్ప కళాకారుణ్ణని ప్రస్తుతానికి నాకొక్కడికే తెలుసు కాబట్టి రికార్డు ఉండటం అవసరం.

వివరాలు: బీటెక్ పాస్. సొంతూరు కోదాడ. ఉద్యోగం మిర్యాలగూడ ఫోటో స్టూడియోలో. పగలంతా పెళ్లిళ్లు. బంతి భోజనాల్లో నోరు తెరిచిన బంధువులను రోజుకు రెండు వందల మందిని తీస్తాను. వాళ్ల పళ్ల మీద పప్పు. ఛీ.

అందుకే రాత్రుళ్లు ట్రైపాడ్ భుజాన వేసుకుని రైస్‌మిల్లు రోడ్డుకు పోతున్నాను. పదకొండు దాటాక అక్కడ మంచు దిగుతుంది. లారీలు హెడ్‌లైట్లతో దాన్ని తోసుకుంటూ వస్తాయి. ముప్పై సెకన్ల ఎక్స్‌పోజర్ పెడితే ఊరు ఊరులా ఉండదు. అదే దాని గొప్పతనం.

తిరిగొచ్చి గేటు తీస్తుంటే ఇంటి ఓనర్ ముత్తమ్మవ్వ లేచింది. గింత రాత్రి యాడికి వోయినవ్ బిడ్డా, దొంగల్లెక్క అంది. మంచు ఫోటోలు అవ్వా అన్నాను. మంచా, అని నవ్వింది. నవ్వుతూనే దండెం మీది తువ్వాల తీసుకుని లోపలికి పోయింది.

డిసెంబర్ 5

బెస్ట్ ఫ్రేమ్‌లో మిల్లు చిమ్నీ అడ్డం. తీసేశాను. నాలుగు సెకన్ల పని. మంచు కూడా మట్టిరంగులో ఉంది, లేతనీలం చేశాను. ఇప్పుడు మంచు మంచులా ఉంది.

డిసెంబర్ 6

ఇన్‌స్టాలో పెట్టిన ఆ ఫోటోకు నలభై వేల లైకులు. సూర్యాపేట నుంచి నా క్లాస్‌మేట్ సంతోష్ ఫోన్ చేశాడు. అరే మామా, గిది మిర్యాలగూడనా, స్విట్జర్లాండా, నిజం జెప్పు అన్నాడు. రెండూ ఒకటేరా, మధ్యలో లారీలే తేడా అన్నాను. ఈ మాట ఎవరైనా రాసిపెట్టుకోవాలి. రాశాను.

డిసెంబర్ 9

మా వీధి వెనక మిల్లు మేనేజర్ పిలిపించాడు. ఫోటో వాళ్ల కొత్త సంవత్సరం క్యాలెండర్ మీద వేస్తారట. శాలువా కప్పాడు. ఒక బస్తా సన్నబియ్యం ఇచ్చాడు. ఫ్రేము కట్టిన పెద్ద ప్రింటు కూడా. నీలాంటి పిల్లలతోనే ఊరికి పేరొస్తది అన్నాడు. నేనూ అదే అనుకుంటున్నానని చెప్పలేదు. కళాకారుడికి వినయం ముఖ్యం.

బస్తా అవ్వకిచ్చాను. రాత్రి ముగ్గురం కలిసే తిన్నాం. అవ్వ భర్త దేవసహాయం తాత ఆ మిల్లులోనే ఇరవై ఏళ్లు బాయిలర్‌లో ఊక పోశాడు. ప్రింటును దగ్గరగా, దూరంగా పెట్టి చూశాడు. గీడ చిమ్నీ ఉండాలె గదనయ్యా అన్నాడు. ఆర్ట్ తాతా అన్నాను. అవునా అన్నాడు. దగ్గు వచ్చింది, ఇన్‌హేలర్ కోసం లోపలికి పోయాడు, మళ్లీ అన్నం దగ్గరికి రాలేదు.

డిసెంబర్ 12

లెన్స్ తుడిచిన బట్ట నల్లగా వచ్చింది. మంచుకు మసి ఉంటుందా అని గూగుల్‌లో వెతికాను. నాకు డిగ్రీ ఇచ్చిన యూనివర్సిటీ ఈ పేజీ చదవకుండుగాక.

డిసెంబర్ 14

అడిగేశాను. అవ్వ చెప్పింది. అది మంచు కాదు, ఊక బూడిద. మిల్లు పొద్దంతా పెద్దమనిషి లెక్క ఉంటది, పదకొండు గాంగనే కక్కుతది అంది. అందుకే వీధిలో పది తర్వాత కిటికీ తెరిచి ఉండదు. గడపల కింద తడిగుడ్డలు. నేను ఇన్ని రాత్రులు ఆ తడిగుడ్డలు దాటుకుంటూ పోయి, మంచును ఫోకస్ చేశాను.

మిల్లు ఇప్పుడు ఇంకో బాయిలర్ పెడుతుందట. వద్దని వీధంతా అర్జీ పెట్టింది. మొదటి సంతకం తాతది. పద్దెనిమిదిన ప్రజాభిప్రాయ సేకరణ. ఇంకో బాయిలర్ వస్తే తాతను మోతె ఊళ్లో ఉన్న చెల్లెలింటికి పంపాల్సిందే, గీడ బతకడు అని డాక్టర్ చెప్పాడట.

మొదటి రోజే చెప్పొచ్చు కదా అవ్వా అన్నాను. సదువుకున్న పిల్లగానివి, ఎప్పుడూ ఎగతాళేనాయె, మంచు అంటే గదీ ఎగతాళే అనుకున్న అంది.

డిసెంబర్ 18

ఫంక్షన్ హాలు. స్టేజీ మీద తెర. మేనేజర్ మైకు పట్టుకుని, తెర మీద నా ఫోటో వేశాడు.

ఇది పొగ కాదు, ప్రకృతి అన్నాడు. మన ఊరి పిల్లగాడే తీసిండు, నలభై వేల మంది మంచే అన్నరు అన్నాడు. చిమ్నీ యాడుందో చూపియ్యున్రి అన్నాడు.

లేచాను. ల్యాప్‌టాప్ తీసుకుని స్టేజీ ఎక్కాను. ఫోటో నాదే, చిమ్నీ నేనే చెరిపాను, రంగు నేనే మార్చాను అన్నాను. ల్యాప్‌టాప్‌లో ఒరిజినల్ చూపించాను. చిమ్నీ, దాని నోట్లోంచి మట్టిరంగు పొగ, కింద మా వీధి.

మేనేజర్‌కు కోపం రాలేదు. అదే అసహ్యం. నవ్వి, మొన్న చిమ్నీ తీసినోడు ఇయ్యాల చిమ్నీ పెట్టలేడా సార్ అన్నాడు. హాలు నవ్వింది. నేనైనా నవ్వేవాణ్ణే, జోకు బాగుంది.

సేకరణకు వచ్చిన కాలుష్య బోర్డు ఆఫీసర్ ఒరిజినల్‌ను రెండుసార్లు చూశాడు. ఈ ఒక్కటీ చాలదు, వరసగా పది రాత్రులు తీయండి, ఏ రోజుదో ఫోటోలోనే తెలియాలి, అప్పుడు నేను రాసుకుంటా అన్నాడు.

బయట నాలుగో ఇంటి చంద్రకళక్క ఆపింది. శాలువ వెచ్చగున్నదా తమ్మీ అంది. అంతే అంది.

డిసెంబర్ 19

మిగిలిన బియ్యం, శాలువా మిల్లుకు తీసుకుపోయాను. వాచ్‌మన్ భీమ్లా బస్తా మూతి విప్పి, తక్కువున్నది గదా అన్నాడు. ఆ తక్కువ నా కడుపులో ఉంది. దాన్ని ఎలా తిరిగివ్వాలో తెలియక గేటు దగ్గర కాసేపు నిలబడ్డాను.

తేదీ ఎలా చూపించాలి? ఫోన్ యాప్‌లో తేదీ పడుతుంది కానీ ఆ చీకట్లో బొమ్మ పడదు. తాత చెప్పాడు. యూనియన్ల ఉన్నప్పుడు దెబ్బ తాకినోని చేతికి ఆనాటి పేపర్ ఇచ్చి ఫోటో దించేటోళ్లం, గట్లనే దించు అన్నాడు. ఎవరు పట్టుకుంటారు అంటే, అర్జీ నాది గద అన్నాడు. ముత్తమ్మవ్వ గిన్నె విసిరింది. దవాఖానల పండాల్సినోనివి, గాలికి నిలబడతవా అంది. ముప్పై సెకన్లే గదనే అన్నాడు.

డిసెంబర్ 20

మొదటి రాత్రి. చిమ్నీ, తాత, పేపర్. ఎడిటింగ్ లేదు. దరిద్రంగా వచ్చింది. అలాగే ఉంచాను.

డిసెంబర్ 24

పేపర్ నేను పట్టుకుంటానన్నాను. నీ మొఖం సూసి ఎవడు నమ్ముతడు అన్నాడు తాత. న్యాయమే.

డిసెంబర్ 27

సంతోష్ ఫోన్. కొత్త ఫోటో పెట్టవేందిరా, ఫాలోవర్లు పోతున్నరు అన్నాడు. పోనీరా అన్నాను. జ్వరమా అన్నాడు.

డిసెంబర్ 29, రాత్రి 11:50

పదో రాత్రి. రెండో ఫోటోకే పేపర్ మీద తేదీ బూడిద కింద పోయింది. ఊదు తాతా అన్నాను, అలవాటుగా. ఊపిరి తీసుకున్నాడు. ఊదలేకపోయాడు. దగ్గరికి వెళ్లి నేను ఊదాను. తేదీ కనిపించింది. వెనక్కొచ్చి తీశాను.