చిన్నప్పుడు నేనెలా ఉండేదాన్ని

మార్చి 4, మంగళవారం

ఇవాళ కళ్ళజోళ్ళ షాపు ఓనర్ గారు అరవలేదు. అరిచినా బాగుండేది. పోయిన వారం ఒక వ్యాన్ డ్రైవరు కళ్ళజోడుకి ఎడమ లెన్స్ కుడివైపు, కుడిది ఎడమవైపు బిగించి ఇచ్చేశాను. చెక్ చేసినట్టు టిక్కు కూడా పెట్టాను, చూడకుండానే. ఆయన అలాగే పెట్టుకుని తిరిగాడు. తల తిరుగుతుంటే కొత్త అద్దాలు కదా, అలవాటవుతుందిలే అనుకున్నాడట. రివర్స్ చేస్తూ గోడకి గుద్దేశాడు. గోడ కాబట్టి సరిపోయింది. ఇంకోసారి ఇలా అయితే వేరే చోటు చూసుకోమ్మా అని ఓనర్ గారు మెల్లగా చెప్పి టీకి వెళ్ళిపోయారు.

షాపు నిండా అద్దాలే. ఎటు తిరిగినా నా మొహమే.

మార్చి 6

ఫోన్లో ఏడీహెచ్‌డీ, అదే ధ్యాస నిలవని సమస్య, ఉందో లేదో చూసుకునే సెల్ఫ్ టెస్ట్ చేశాను. మొదలుపెట్టిన పని చివర్లో వదిలేస్తారా? వస్తువులు ఎక్కడ పెట్టారో మర్చిపోతారా? మా ఇంట్లో ఎవరో కూర్చుని నన్ను చూసి రాసినట్టున్నాయి. లక్షణాలు ఎక్కువగా ఉన్నాయని వచ్చింది. ఏడుపొచ్చింది. బాధతో కాదు. బద్ధకం, లెక్కలేనితనం అన్నవాళ్ళందరికీ చూపించాలనిపించింది. ఎవరికి పంపాలా అని ఫోన్లో పేర్లు పైకీ కిందకీ జరిపాను. ఎవరూ దొరకలేదు.

మార్చి 7

మళ్ళీ చేశాను. 'తరచుగా' బదులు 'అప్పుడప్పుడు' నొక్కితే ఫలితం మారిపోతోంది. నాకు ఉందా, ఉంటే బాగుండని నేనే అనుకుంటున్నానా?

మార్చి 15, శనివారం

సైకియాట్రిస్టు దగ్గరికి వెళ్ళాను. తప్పు వీధిలో వెతికి ఆలస్యంగా చేరాను. ఆవిడ విసుక్కోలేదు. స్క్రీన్‌షాట్ చూపించాను. ఇది డాక్టరుకి చూపించుకోమని చెప్తుంది, అంతే, ఉందో లేదో తేల్చదు అన్నారు. మా షాపులోనూ అంతే. కంటి పవర్ ఇంత అని మెషీన్ చూపించగానే లెన్స్ కట్ చెయ్యం. లెన్సులు మార్చి మార్చి చూసే ట్రయల్ ఫ్రేమ్ పెట్టి, ఇది బాగుందా, అది బాగుందా అని అడుగుతాం.

ఆవిడా చాలా అడిగారు. నిద్ర, దిగులు, థైరాయిడ్. వీటివల్ల కూడా ధ్యాస ఇలాగే చెదురుతుందట. రక్తపరీక్ష రాశారు. చిన్నప్పుడు ఎలా ఉండేవారు అన్నారు. బాగానే ఉండేదాన్ని అన్నాను. అయితే ఆలోచించాలి, ఇది చిన్నప్పటి నుంచే ఉంటుంది, మిమ్మల్ని అప్పుడు చూసినవాళ్ళెవరినైనా తీసుకురండి అన్నారు.

అమ్మా నాన్నా లేరు. ఉన్నది అక్కే. మా మధ్య గొడవేం లేదు. తను ఫోన్ చెయ్యడం మానేసింది, నేను చెయ్యడం మర్చిపోయాను.

మార్చి 16

చేశాను. ఏమైందే అంది అక్క, మొదటి మాటే. చెప్పాను. ఫోన్లో చూసుకుని జబ్బులు తగిలించుకోకు అంది. మళ్ళీ తనే, ఎప్పుడు రమ్మన్నారు అని అడిగింది.

మార్చి 22

థైరాయిడ్ లేదు.

అక్క నాకంటే ముందే వచ్చి కూర్చుంది. డాక్టరు గారు అడుగుతుంటే టకటకా చెప్పింది. దీని స్కూలు బ్యాగు నేనే సర్దేదాన్ని. హోంవర్కు సగం నేనే రాసేదాన్ని. స్వెట్టరు పారేసుకొస్తే నాది దీనికి తొడిగి, పోగొట్టింది నేనని అమ్మతో చెప్పేదాన్ని. రోడ్డు మీద చెయ్యి వదిలితే ఎటో చూస్తూ వెళ్ళిపోయేది. నా ఈడువాళ్ళు ఆడుకుంటుంటే నేను దీని వెనక తిరిగేదాన్ని. అప్పుడు నాకూ పదేళ్ళే కదా, అలసిపోయేదాన్ని డాక్టరు గారూ అంది.

నాకివేవీ తెలీదు. బాగానే ఉండేదాన్ని అనుకున్నాను. అలా తను ఉంచింది.

బయటికొచ్చాక సారీ అన్నాను. నీకేం తెలుసులే, నాకు మాత్రం ఎవరు చెప్పారు అంది. ఏడుస్తోందేమో అని చూశాను. వచ్చే బస్సు నంబరు చూస్తోంది.

ఏప్రిల్ 5

ఏడీహెచ్‌డీయే. ఇన్నాళ్ళూ అక్క కాచుకోవడం వల్ల బయటపడలేదు అన్నారు డాక్టరు గారు. మందు తక్కువ డోసుతో మొదలు. ఎగిరి గంతేస్తాననుకున్నాను. ఇంటికొచ్చి చెప్పులు కూడా విప్పకుండా మంచం మీద కూర్చుండిపోయాను. గడిచిపోయిన ఏళ్ళన్నీ ఒక్కసారి వచ్చి పక్కన కూర్చున్నాయి.

ఏప్రిల్ 7

ఓనర్ గారికి చెప్పాను. ఇకనుంచి నువ్వు బిగించింది నేనొకసారి చూస్తాను, నేను బిగించింది నువ్వు చూడు అన్నారు.

ఏప్రిల్ 13, ఆదివారం

అక్క వచ్చి వెళ్ళింది.

తలుపు వెనక గొడుగు మర్చిపోయింది. అక్క ఏదీ మర్చిపోదు.

నేను ఫోన్ చేసి చెప్పలేదు, దానికోసమైనా మళ్ళీ వస్తుందని.