మిస్డ్ కాల్‌ను ఆపిన రూల్

మంగళవారం రాత్రి

మా దవాఖాన ఫోన్ సర్వర్‌లో పోయిన వారం ఆ రూల్ పెట్టింది నేనే. ఒకే నంబర్ నుంచి కాల్ వచ్చి, ఎత్తేలోపే మూడుసార్లు కట్ అయితే, ఇక ఆ నంబర్‌ను రిసెప్షన్‌కు పంపకుండా, అక్కడి మిస్డ్ కాల్ లిస్టులోనూ కనబడనీయకుండా సర్వరే తిప్పికొడుతుంది. ఎవరో కావాలని లైన్లు బిజీ చేస్తున్నారనుకున్నాను. తెలివైన పని చేశానని మురిసిపోయాను కూడా.

ఈరోజు ములుగు నుంచి ఒక పెద్దమ్మ వాచిన కాళ్లతో మొదటి బస్సుకే వచ్చింది. కిడ్నీ డాక్టరేమో సెలవులో ఉన్నాడు.

"ఫోన్ జేసి అడిగి రావద్దా పెద్దమ్మా?" అంది రిసెప్షన్‌లో రజియక్క.

"ఎప్పటి లెక్కనే మిస్డ్ కాల్ ఇచ్చిన బిడ్డా. నువ్వే మళ్ల జేస్తవు గదా. ఈసారి రింగు పోకముందే కట్ జేస్తివి."

సర్వర్‌లో కాల్స్ నమోదయ్యే లాగ్ తెరిచి చూశాను. ఆమె నంబర్ తొమ్మిదిసార్లు వచ్చింది. మొదటి మూడూ పోగా, మిగతా ఆరుసార్లూ సర్వర్ నేను చెప్పినట్టే చేసింది. తొర్రూరులో పెరిగినవాణ్ని, మా ఇంట్లోనూ మిస్డ్ కాల్ అంటే పిలుపే. అది నాకెందుకు గుర్తు రాలేదో...

రూల్ వెంటనే తీసేశాను. నిజం చెప్పే ధైర్యం మాత్రం రాలేదు. "మిషిన్ ఖరాబయింది పెద్దమ్మా" అన్నాను.

ఆమె ముఖం తేటపడింది.

"గంతేనా! రజియకు నా మీద కోపమొచ్చిందేమో అని వారం సంది ఒకటే ఫికర్."