ఫోన్లు లేని ఇల్లు

అనకాపల్లి,
9-2-2025, ఆదివారం.

ప్రియమైన అక్కకి,

నీ చెల్లెలు సుమశ్రీ నమస్కారాలు. ఇక్కడ అమ్మా, నేనూ, నీ పిల్లలిద్దరూ బాగున్నాం. అక్కడ నువ్వూ బాగున్నావని తలుస్తాను అని రాయబోయి ఆగిపోయేను. ఒళ్ళంతా కట్లతో ఉన్నదానికి అలా రాయడమేటి అనిపించింది. నువ్వు కాయితం పట్టుకోలేవు గనక బావే చదివి వినిపిస్తాడు. ధనరాజ్ మావయ్య సాయంత్రం క్యారేజీతో పాటు ఈ ఉత్తరం కూడా వైజాగ్ పట్టుకొస్తాడు.

పిల్లల్ని వీడియో కాల్‌లో ఎందుకు చూపించరని రోజూ బావని అడుగుతున్నావట. కోపం తెచ్చుకోకు. మీ అచ్యుతాపురం కంపెనీలో మంటలు అంటుకున్న మర్నాడు పిల్లల్ని మునగపాక నుంచి ఇక్కడికి తెచ్చేం కదా, ఆరోజే ఇంట్లో ఫోన్లన్నీ బీరువాలో పెట్టి తాళం వేసేను. టీవీ కేబుల్ కూడా పీకేసేను. బావతో మాట్లాడాలంటే ఫోన్ చీర చెంగులో దాచుకుని మేడ మీదకి వెళ్తున్నాను. ఫోన్ చూపిస్తే గానీ నితీష్‌కి ముద్ద దిగదని నువ్వే విసుక్కునేదానివి. నువ్వు ఇంటికొచ్చేలోగా ఆ అలవాటు మానిపిద్దామని.

మానిపించడం ఇంత పని అనుకోలేదు. మొదటిరోజు వాడు బీరువా ముందు కూర్చుని తలుపు తన్నుతూనే ఉన్నాడు. చింతపిక్కలు పోసి ఆడుకోమంటే ఒకటి ముక్కులో దూర్చుకున్నాడు. అది బయటికొచ్చేదాకా అమ్మ ప్రాణం ప్రాణంలో లేదు. పాత చీరతో గుడారం కట్టేను, దానికి వేలాడి దండెం తెంపేడు. గిన్నెలూ గరిటెలూ ఇస్తే వీధి చివరికి వినబడేలా మోగించేడు. ఏటే సుమా, ఆడికి ఆ ఫోనేదో ఇచ్చీ, నా సెవులు పోతన్నాయి అని అమ్మ గోల. నేను ఇవ్వలేదు. ఇచ్చీ ఇచ్చీ అన్న మనిషే మళ్ళీ వచ్చి, ఇవ్వకులే అని చిన్నగా చెప్పి వెళ్ళింది.

స్కూలుకి సెలవు పెట్టేనన్న మాటే గానీ, నలభైమంది పిల్లలకి పాఠం చెప్పడమే నయం. పోపు వేసి గేటు దాకా వెళ్తాను. వీధిలో ఎవరూ ఉండరు. వెనక్కొచ్చేసరికి పోపు మాడిపోయి ఉంటుంది. కూర్చుంటే లేవాలనిపిస్తుంది, లేస్తే ఎందుకు లేచేనో గుర్తుండదు. అమ్మ కూడా అంతే. మడతపెట్టిన బట్టల్నే మళ్ళీ విప్పి మడతపెడుతోంది.

చివరికి వాడికి నచ్చింది గోడకి రంగు వెయ్యడం. సున్నం వేసే పాత బ్రష్షు, బాల్చీడు నీళ్ళు ఇచ్చేం. పెరటి గోడంతా తడుపుతాడు. ఆ చివరికి వెళ్ళేసరికి ఈ చివర ఎండకి ఆరిపోతుంది. మళ్ళీ మొదలెడతాడు. ఒళ్ళంతా తడిసిపోయి నవ్వుతుంటే అచ్చం నీ నవ్వే.

ఆ ఆట కనిపెట్టింది నేను కాదు, హాసిని. నిజానికి సగం ఆటలు దానివే. పొద్దున్న లేచేసరికి ఈరోజు ఏం ఆడాలో దాని దగ్గర సిద్ధంగా ఉంటుంది. శనగలూ పెసలూ కలిపేసి తమ్ముడి చేత ఏరిస్తుంది. తలగడలు వరసగా పేర్చి బస్సు అంటుంది. వాడు డ్రైవరు, ఇది కండక్టరు. అచ్యుతాపురం టికెట్ ఇమ్మని నేనడిగితే, ఈ బస్సు దేవరాపల్లి పోతుంది పిన్నీ, అటు పోదు అంది. ఎవరైనా గేటు తీస్తే చాలు, వాణ్ణి లాక్కుని పెరట్లోకి పరుగు. కాసేపు నువ్వు కూర్చుని బొమ్మలేసుకోవే అంటే, నేను కూర్చుంటే వాడు ఊరుకోడు అంటుంది. ఆరేళ్ళ పిల్లకి అంత హడావుడేమిటో అనుకున్నాను.

నిన్న నితీష్ పప్పన్నం తనంతట తనే కలుపుకుని తిన్నాడు. ఫోన్ మాటే ఎత్తలేదు. సగం చొక్కా మీదే ఉందనుకో. నువ్వు వార్డులో నాలుగడుగులు వేసేవని బావ చెప్పినప్పటి నుంచి అమ్మ మొహం తేటపడింది. పిల్లల గురించి బెంగ పెట్టుకోకు. డాక్టరు చెప్పినట్టు చెయ్యి, తిండి మానకు.

నువ్వు ఇంటికొచ్చే రోజు కోసం చూస్తూ,
నీ చెల్లెలు,
సుమ.

తా.క.: బావా, ఇక్కడి నుంచి పైకి చదవకు. నీలో నువ్వే చదువుకో.

ఫోన్లు ఎందుకు దాచేమో నీకు తెలుసు. కంపెనీ తగలబడుతుంటే రోడ్డు మీంచి ఎవరో తీసిన ఆ వీడియో ఊళ్ళో ప్రతి ఫోన్‌లోనూ ఉంది. అది పిల్లల కంట పడకూడదనే కదా ఇదంతా. హాసిని దాన్ని ముందే చూసేసింది బావా. మునగపాకలో మీ ఎదురింటి కుమారి ఎవరికో చూపిస్తుంటే వెనక నిలబడి చూసిందట. చున్నీ చూసి అమ్మని పోల్చుకుంది. ఇన్ని రోజులూ ఒక్కరితో కూడా అనలేదు. తమ్ముడు చూస్తే ఏడుస్తాడని, ఫోన్ ఉన్న మనిషి దగ్గరికి వాణ్ణి పోనివ్వకుండా ఆడిస్తోంది.

ఇందాక వాడు పడుకున్నాక వచ్చి నా పక్కన కూర్చుంది. పిన్నీ, అమ్మ పరిగెట్టుకుంటూ వచ్చి గేటు దగ్గర పడిపోయింది, అక్కడితో వీడియో అయిపోయింది, తర్వాత అమ్మ లేచిందా అని అడిగింది. లేచింది, ఆసుపత్రిలో నడుస్తోంది అన్నాను. మరైతే మాకెందుకు చూపించడం లేదు అంది. కట్లు చూసి జడుసుకుంటారని మనం అనుకున్న మాట దానితో అనలేకపోయేను.

రేపు పొద్దున్న రైలుకి దాన్ని తీసుకొస్తున్నాను. పిల్లల్ని వార్డులోకి రానివ్వరని తెలుసు. అద్దం తలుపు ఇవతలే ఉంటాం. అక్కకి ఏం చెబుతావో నీ ఇష్టం. మేం వచ్చేసరికి మాత్రం అక్కని లేపి నిలబెట్టు బావా.