చాంద్ దాచమన్న బ్యాగ్

జూన్ 4

చాంద్ మళ్లీ వచ్చాడు. ధర్మవరంలో తమ్ముడు నజీర్ పనిచేసే చీరల షాపు దగ్గర పరిచయమట. అప్పుడే పెనుకొండలో మా ఇంటి దాకా వచ్చేశాడు. నాయన పోయాక నజీర్‌ను పక్కన కూర్చోబెట్టుకుని మాట్లాడిన మగమనిషి ఇతనొక్కడే. అందుకే వాడికి చాంద్ ఎంత చెబితే అంత.

నాకు మాత్రం నచ్చలేదు. టీ బాగుండాది భానక్కా అంటూనే ఇల్లంతా కళ్లతో వెతుకుతాడు.

జూన్ 11

నజీర్ అన్నం ముట్టలేదు. చాంద్ ఫోన్‌లో వీడియోలు చూపించాడట, మనవాళ్లను కొడుతున్నవి. ఇవి చూసి కూడా ఊరికే ఉంటావా, నువ్వు మగోడివేనా అన్నాడట. రైల్వే స్టేషన్ ఫోటోలు తీసుకురమ్మన్నాడట. నా వల్ల కాదు భాయ్, నాకట్లాటివి వద్దు అని వీడు చెప్పేశాడు. అయినా వదలడం లేదు. రోజూ ఫోన్.

వాడితో స్నేహం మానెయ్యరా అన్నాను. మంచోడేక్కా, కోపం జాస్తి అంతే అంటాడు. మొద్దు వెధవ.

జూన్ 18

చాంద్ ఒక నీలం బ్యాగ్ ఇచ్చి వెళ్లాడు. బట్టలేనప్పా, ఊరికి పోయొచ్చేదాకా నీ దగ్గర అమానత్‌గా పెట్టుకో అన్నాడట. నజీర్ అటక మీద పెట్టాడు. విప్పి చూద్దామంటే అడ్డం నిలబడ్డాడు. నమ్మి దాచమన్నది విప్పేది పాపమక్కా, నాయన ఎప్పుడన్నా విప్పినాడా అని.

నిజమే. హజ్‌కు పోయేవాళ్లు పెట్టెలు మా ఇంట్లోనే దాచేవాళ్లు. తాళం లేకపోయినా నాయన మూత ఎత్తేవాడు కాదు.

అటక వైపు చూడాలంటే భయంగా ఉంది.

జూన్ 19

చెప్పేశాను. పెనుకొండలో అయితే ఊరంతా తెలుస్తుందని హిందూపురం వచ్చి ఒక పోలీసు ఆఫీసర్‌ను కలిశాను. వీడియోలు, ఫోటోలు, బ్యాగ్ సంగతి అన్నీ చెప్పాను. మంచి పని చేసినావమ్మా అన్నాడు. ప్రాణం లేచొచ్చింది.

అదే రోజు, తిరుగు బస్సులో

చాంద్ ఎలా ఉంటాడని ఆయన అడగలేదు. ఎక్కడుంటాడనీ అడగలేదు. అడిగిందల్లా నజీర్ గురించే. ఇంకొకటి కూడా అడిగాడు. ఆ నీలం బ్యాగ్ విప్పి చూసినారా అని.

నేను రంగు చెప్పలేదు.

జూన్ 20

అంతా చెబితే నజీర్ అటక మీంచి బ్యాగ్ దించాడు. చాంద్‌కు తిరిగిచ్చేస్తానన్నాడు. ఫోన్ స్విచ్ఛాఫ్. ఎక్కడైనా పారేద్దామన్నాను. అమానత్ ఎట్ల పారేస్తామక్కా అన్నాడు. వాదులాడుకుంటుండగానే జీపులొచ్చాయి.

బ్యాగ్‌లో వైర్లు, ఏదో పొడి ప్యాకెట్లు. నాది కాదు సార్, నాకు తెలీదు సార్ అని వాడు అరుస్తూనే ఉన్నాడు. వాణ్ని ఎక్కించుకుపోతుంటే అమ్మ చెప్పుల్లేకుండానే జీపు వెనక పరుగెత్తింది.

ఆగస్టు 2

బెయిల్ రాలేదు. చాంద్ పేరు కేసులో యాడా లేదమ్మా అన్నాడు లాయర్ కేశవ. అలాంటి మనిషే లేడంటున్నారట. మరి రెచ్చగొట్టింది ఎవరు? బ్యాగ్ తెచ్చింది ఎవరు? వద్దు వద్దన్న పిల్లవాడి వెంటపడి, చేతిలో పెట్టి, పట్టుకున్నాం అంటారా? ఒళ్లు మండిపోతోంది.

కేశవ ఇంకేదో చెప్పలేక నసిగాడు. గట్టిగా అడిగాను. నజీర్ మీద మొదటి సాక్షిని నేనేనట.

ఆగస్టు 30

పక్కింటి భారతి ఫోన్ చేసింది. కదిరిలో చాంద్‌ను చూసిందట. ఎవరో కుర్రవాడి భుజం మీద చెయ్యేసి టీ తాగుతున్నాడట.

ఎవురికన్నా బిరీన చెప్పు భానూ, ఆలస్యం చెయ్యొద్దు అంది.

ఎవరికి?