జవాబు ముందే తెలిసిన ఆడబిడ్డ

ఆదివారం, రాత్రి

నేను రాస్తున్న హాస్య నవలలోని కొత్త పొడుపుకథను ఇవాళ హసన్‌పర్తి నుంచి వచ్చిన ఆడబిడ్డ స్వరూపకు చదివి వినిపించాను. సగం చదివేసరికే జవాబు చెప్పేసింది. నిన్నగాక మొన్న కట్టిన పొడుపు, ఇంకా ఎవరికీ చూపించలేదు!

"అన్న ఫోన్‌ల అడిగిండు వదినా. తనే కట్టిండట గదా!" అంది.

మా ఆయన వెంటనే మంచినీళ్లకని లేచాడు. "గీ పాతకాలం పొడుపులు ఇప్పుడెవలు సదువుతరు?" అంటూ నా కాగితాలు ముట్టనైనా ముట్టని మనిషి! నిలదీస్తే, "నాకేమెరుక?" అన్నాడు.

తేలుస్తాను. ఇందాకే మరో పొడుపు కట్టి, కావాలనే తప్పు జవాబు రాసి ముందుగదిలో టేబుల్ మీద పెట్టి వచ్చాను. ఆ తప్పు జవాబే స్వరూప నోట వస్తే దొంగ దొరికినట్టే.

ఇది రాస్తుంటే అక్కడ కాగితాల చప్పుడు. ఆ వెంటనే ఆయన నవ్వు. పొడుపుకు నవ్వాడా, నా ఎత్తు కనిపెట్టి నవ్వాడా?