మూడు నీళ్ళ ఇసుక

7-3-2006, మంగళవారం

సన్యాసిరావు తొట్టి మళ్ళీ కారుతోంది. అడుగు జాయింట్. ఆరడుగుల గ్లాసు తొట్టి, నేను చేసిందే, తప్పించుకోలేను. బెల్లం వండుకునే రైతుకి స్టింగ్‌రే చేప ఎందుకో ఆ దేవుడికే తెలియాలి. పూడిమడక సముద్రంలో దొరికేదాన్ని టేకు అంటారే, దానికి మంచినీటి చుట్టం. చేటలా ఉందని వాళ్ళావిడ పైడితల్లి సేటమ్మ అని పేరు పెట్టుకుంది. పొద్దున్నే దానికి చేత్తో రొయ్యలు తినిపించందే తను కాఫీ ముట్టదట.

చేప పొట్ట కింద గీతలున్నాయి. తొట్టిలో పోసిన రంగురాళ్ళు కోసేశాయి. అవి తీసేసి సన్న ఇసుక వేస్తానన్నాను. చేపని టబ్బులోకి మార్చి, బ్లేడుతో పాత సిలికాన్ జిగురు గీకేసరికి నడుం పోయింది.

8-3

కొత్త సిలికాన్ పెట్టాను. మూడు రోజులు ఆరాలి.

10-3, శుక్రవారం

పూడిమడక నుంచి ట్రాక్టరెడు ఇసుక తోలించేత్తానన్నాడు సన్యాసిరావు. వద్దు బాబూ, ఉప్పు, గవ్వముక్కలు అన్నాను. శారద ఏటి ఇసుకే తెచ్చి జల్లించాను. పది నీళ్ళు కడగాలి. పైన నీళ్ళు తేటపడే దాకా ఆపకూడదు. మా అమ్మాయి సిరికి ఈ రూలు నేర్పింది నేనే.

మూడు నీళ్ళకి ఆపేశాను. ఓపిక లేదు. ఎవడొచ్చి చూడబోయాడు?

11-3

నీళ్ళు నింపాను. చుక్క కారలేదు. చేపని వదిలితే ఇసుక ఎగజిమ్ముకుని అందులో దూరిపోయింది. పైడితల్లి చప్పట్లు కొట్టింది.

నీళ్ళు మాత్రం మజ్జిగలా ఉన్నాయి. ఏటి యేసుపాదం బావా ఇలగున్నాయి అని సన్యాసిరావు రెండుసార్లు అడిగాడు. రెండు రోజుల్లో తేరుకుంటాయి, ఏమీ చెయ్యకండి అన్నాను. మూడు నీళ్ళ సంగతి చెప్పలేదు.

12-3, ఆదివారం, పొద్దున్న ఏడు

ఫోన్. వెంటనే రమ్మంటున్నాడు. చర్చి బట్టల్లోనే వెళ్తున్నాను.

12-3, మధ్యాహ్నం

చచ్చిపోయింది. నేను వెళ్ళేసరికే చేప అంచులు పైకి ముడుచుకుపోయాయి. సగం నీళ్ళు మార్చాం, ఇంకో ఎయిర్ పంపు పెట్టాం. ఏం లాభం? పైడితల్లి రొయ్యల గిన్నె కింద పెట్టకుండా అలాగే నిలబడింది.

సన్యాసిరావు నన్ను బెల్లం పొయ్యి దగ్గరికి లాక్కెళ్ళి చెప్పాడు. తెల్లారి లేచి చూస్తే నీళ్ళు ఇంకా తెల్లగానే ఉన్నాయట. గుప్పెడు హైడ్రోస్ వేశాడట. సెరుకు పానకం తేటపడ్డానికి ఏసినట్టే ఏసేను బావా, నానే సంపేసేను అని ఏడ్చాడు. ఓరి నాయనో! ఆ పొడి నీళ్ళలో ఉన్న గాలంతా మింగేస్తుంది. ఇంక చేపకి ఊపిరెక్కడిది?

పైడితల్లికి సెప్పీకు అని నా చేతులు పట్టుకున్నాడు. నీ తప్పేటీ నేదు బావా అన్నాడు. నోరుమూసుకుని వచ్చేశాను. ఛీ, నా బతుకు.

13-3

అక్వేరియం షాపు తియ్యలేదు.

15-3, బుధవారం

వెళ్ళి చెప్పేశాను. ఇసుక మూడు నీళ్ళకే ఆపేశాను, పది కడిగుంటే నువ్వు హైడ్రోస్ జోలికే పోయేవాడివి కాదు అన్నాను. తిడతాడనుకున్నాను. తల దించుకున్నాడు.

యేసుపాదం ఇసుక సరిగ్గా కడగలేదు, అందుకే చచ్చిపోయిందని ఆదివారమే పైడితల్లికి చెప్పేశాడట. అబద్ధం అనుకునే చెప్పాడట.