మన గదికి తాళం

మునెమ్మా,

నువ్వు పోయి ఈరోజుకి రెండేళ్లు. పోలియో కాళ్లతో ప్రిన్సిపాల్ గది ముందు మూడు రోజులు కూర్చుని నువ్వు సాధించిన కింది గదికి ఈరోజు తాళం వేయబోయారు. మెట్లెక్కలేని పిల్లలు కూర్చుని చదువుకోవడానికి, అన్నం తినడానికి మన బర్గూరు కాలేజీలో ఉన్న చోటు అదొక్కటే. దాంట్లో కంప్యూటర్లు పెడతారట.

మొదటి సంవత్సరం చదివే సాలమ్మ చంకకర్రలు పక్కన పెట్టి గడపకు అడ్డంగా కూర్చుంది. ఇప్పుడు మూడో సంవత్సరానికి వచ్చిన నేనూ ఆమె పక్కన కూర్చున్నాను.

"పైన పెద్ద హాలుంది కదమ్మా, ఆడికి పోండి," అన్నారు కొత్త ప్రిన్సిపాల్.

"కంప్యూటర్లనైతే ఒకతూరి ఎత్తుకొని పోతే చాలు సార్. నన్ను దినామూ ఎవరు ఎత్తుకొని పోతారు?" అంది సాలమ్మ.

ఆయన ముఖం ఎర్రబడింది. వాచ్‌మన్ తాళం పట్టుకుని ఆయన వైపే చూస్తున్నాడు.

"ఈ గది మీకు ఎవరిచ్చినారు?" అని ఆయన నన్ను గద్దించారు.

నీ పేరు చెప్పాను. ఆ మూడు రోజుల సంగతీ చెప్పాను. ఆయన గడపలో కూర్చున్న మా ఇద్దరినీ చూసి, "సరే, కంప్యూటర్లు పైకే పోనీ," అని వెళ్లిపోయారు.

సాలమ్మ నా చేయి పట్టుకుంది. "ఆ అక్క ఇప్పుడు యాడుంది? ఒకసారి చూడాల."

మీ ఊళ్లో, కల్లావిలో ఉందన్నాను. చనిపోయిందని చెప్పడానికి నోరు రాలేదు.